పాదిరి హయ్యరుగారి జీవితము

అన్నవరపు కొండకు యాత్ర వచ్చువారును, రాజమహేంద్రవరమున చదువుకొన్నవారును లూథరు మిషనువారి పేరు వినియే యుందురు. వారి పాఠశాలలలో చదివిన బ్రాహ్మణ యువకులును, వారి వైద్యశాలలలో ప్రాణము దక్కించుకొన్న జమీందారీ కుటుంబములవారును మన జిల్లాలలో ననేకులు గలరు. అయినను ఆ సంస్థలకు మొదటి రాయి వేసిన వానినిగూర్చి క్రైస్తవ కుటుంబములలో దప్ప నితరుల యిండ్లలో ముచ్చటించుట మిక్కిలి యరుదు. ఆయన పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు. ఆయన రాజమహేంద్రవరమునకు వచ్చి నిలిచిన 1869వ సంవత్సరమున రత్నగిరిమీద సత్యనారాయణస్వామి యాలయము లేదు. అది 1891లో వెలసినది. మన జిల్లాకు రైలు లేదు. ఆయన వయస్సు డెబ్బదియారు సంవత్సరములు. ఆ వయస్సున మనలో గలిగినవారు కాశికి బోవుదురు, లేనివారు వసారాలో మంచముమీద గూర్చుండి కోడండ్రను తప్పుపట్టుదురు. ఈయన భూమిలో సగము చుట్టివచ్చి, ఇతరులు విడువదలచిన పనిని చేతబట్టెను.

హయ్యరుగారు 1793వ సంవత్సరము జూలై 10వ తేదీని జర్మనీదేశమున హెల్మ్‌స్టెట్ అను పట్టణమున జన్మించిరి. తండ్రి జంతుచర్మములతో వస్త్రములు కుట్టు వృత్తివాడు. నెపోలియను యుద్ధములచే నాదేశము కల్లోలమై యుండుటచేత తలిదండ్రులు 1807లో పదునాలుగేండ్ల కుమారుని అమెరికాలోని ఫిలడెల్ఫియాలో నున్న మేనమామయొద్దకు బంపివేసిరి. అక్కడ బాలుడు మామగారి యంగడిలో పనిచేయుచు, గుడిలో పిల్లలకు పాఠములు చెప్పుచు, మతబోధకుడు కావలయునని నిశ్చయించుకొనెను. 1815లో మరల జర్మనీకి బోయి గొట్టింగెను విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివి, తిరిగివచ్చి 1817లో బోధకవృత్తికి అనుమతి నొందెను.

అటుపిమ్మట ఇరువదియేండ్ల కాలము పెన్సిల్వేనియా రాష్ట్రపు పడమటి కొండలలోను, మేరీలాండులోని కంబర్లాండు మొదలగు చోట్లను వలసకాపుల నడుమ గుఱ్ఱముమీద తిరిగి పనిచేసెను. ఊరొకచోట, గుడియొకచోట, మధ్య అడవి. ఇట్టి పల్లెలకు స్థిరమైన బోధకుడు దొరకడు. 1819లో మేరీ గాష్ అను వితంతువును వివాహమాడెను. వితంతువును పెండ్లియాడుట ఆ దేశమున నెవరికిని వింత కాదు, ఎవరును వెలివేయలేదు. రాజమహేంద్రవరమున నీపని జరుగుటకు 1881వ సంవత్సరమువఱకు వేచియుండవలసి వచ్చెననియు, జరిపించిన వీరేశలింగము పంతులుగారు పడిన పాట్లెట్టివో యనియు మన చదువరులకు వేఱుగ జెప్పనక్కఱలేదు. ఆ దంపతులకు సంతానము కలిగెను. 1839లో భార్య చనిపోయెను. హయ్యరుగారి జీవితము మలుపు తిరిగినది ఈ దుఃఖము తరువాతనే.

ఆ కాలమున అమెరికాలోని లూథరు సంఘములవారు హిందూదేశమునకు బోధకుని బంప నుద్దేశించిరి. తిరునెల్వేలిలో రేనియసు అను జర్మను బోధకుడు చేయుచున్న పనికి తోడ్పడవలెనని వారు మొదట తలచిరి గాని, రేనియసు 1838లోనే మరణించెను. 1840లో హయ్యరుగారిని నియమించిరి. అయితే ఆ సభవారు ఈయనను వేఱొక శాఖవారి సంఘమునకు లోబడి పనిచేయునట్లు ఏర్పాటు చేయ జూడగా ఆయన యంగీకరింపక ఉద్యోగమునే వదలుకొనెను. అప్పుడు పెన్సిల్వేనియా బోధకసంఘమువారు తామే ఖర్చు భరించి పంపుటకు ముందునకు వచ్చిరి. ఆయన స్వభావమున మెత్తదనముతోబాటు మొండితనమును గలదని యీ సంగతివలన దెలియుచున్నది. ఆ మొండితనమే ముప్పదియేండ్ల తరువాత రాజమహేంద్రవరమున మరల కానవచ్చును.

ప్రయాణమునకు ముందు బాల్టిమోరులో సంస్కృతమును వైద్యమును కొంత అభ్యసించి, 1841 అక్టోబరులో బోస్టను రేవున బ్రెండా యను ఓడ నెక్కిరి. సూయజు కాలువ లేని దినములు. గుడ్‌హోపు అగ్రమును చుట్టి రావలయును. అయిదుమాసములకు సింహళద్వీపము చేరి, అచ్చటనుండి తూత్తుకుడి, తిరునెల్వేలి, మద్రాసులమీదుగా ఆంధ్రదేశము ప్రవేశించిరి. గుంటూరున కలెక్టరుగానున్న హెన్రీ స్టోక్సుగారు తమ జిల్లాకు బోధకుని బంపుడని అంతకుముందు చాలకాలమునుండి వేడుచుండిరి. హయ్యరుగారి రాక విని సగౌరవముగా నాహ్వానించిరి. 1842వ సంవత్సరము జూలై 31వ తేదీని హయ్యరుగారు గుంటూరు చేరిరి. నలువదితొమ్మిది యేండ్లు నిండిన ఒంటరివాడు, తెలుగున ఒక్క వాక్యమైన చక్కగా పలుకలేనివాడు, దుబాసీ సహాయమున పని మొదలుపెట్టెను.

ఆ జిల్లా ఎట్టి స్థితిలో నుండెనో తలచుకొనుట యవసరము. నందన సంవత్సరపు కరవు, అనగా 1832-33 నాటి ఘోరక్షామము, గడచి పదియేండ్లు కాలేదు. ఆ కరవున గుంటూరు సీమలోని అయిదులక్షల జనములో లక్షన్నరకు రెండులక్షలకు నడుమ చచ్చిరి. ఊళ్లకూళ్లు పాడువడెను. కృష్ణకు అప్పటికి ఆనకట్ట లేదు. కరవు పోయినను దాని గుర్తులు పోవు; అప్పులు పోవు; పాలేళ్ల పిల్లలు పాలేళ్లుగానే పెరుగుదురు. ఇట్టిచోట హయ్యరుగారు మొదట తలపెట్టినవి పాఠశాలలు. స్టోక్సుగారు తాము నడుపుచుండిన బడిని ఆయన కప్పగించిరి. బాలికలకు వేఱుగ నొక పాఠశాల గుంటూరున ఏర్పడెను. ఆడపిల్లకు అక్షరములు వచ్చినచో వైధవ్యము ప్రాప్తించునని నమ్మిన ముత్తైదువలు నాడు కొల్లలు. వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించినది 1874లో. హయ్యరుగారు గుంటూరున నీపని మొదలిడునాటికి పంతులుగారు జన్మింపనే లేదు.

ఇచ్చట నొకమాట దాపరికము లేక చెప్పవలసియున్నది. కలెక్టరు ప్రాపున నడచు పాఠశాలకు పిల్లలను బంపిన తండ్రులందఱును విద్యపై ప్రేమచేతనే పంపిరని తలపరాదు. కంపెనీ ప్రభుత్వపు అధికారి చేయి వెనుకనున్నదని యెఱిగి పంపినవారును నుండిరి. స్టోక్సుగారు సద్భక్తులే గావచ్చును. కాని పన్ను వసూలుచేయు చేయియు, మతము బోధించు చేయియు ఒకదానికొకటి అంత దగ్గఱగా నుండుట మంచిది కాదు. హయ్యరుగారి పని యొక్క లోపములలో నిది మొదటిది. అయితే ఆయన గుంటూరులోనే, కచ్చేరి నీడలోనే నిలిచిపోలేదు.

1845లో ఆరోగ్యము చెడుటచే పనిని వాల్టరు గన్ను అను సహోద్యోగికి ఒప్పగించి అమెరికాకు వెళ్లిరి. ఇక విశ్రమించునని యెల్లరును తలచిరి. ఆయన విశ్రమింపలేదు. ఏబది దాటిన వయస్సున బాల్టిమోరు వైద్యకళాశాలలో కుఱ్ఱవాండ్ర నడుమ బల్లపై గూర్చుండి చదివి, 1847లో వైద్యపట్టము పొందిరి. గుంటూరున తాను చూచిన రోగులను మాటలతో మాత్రమే ఓదార్చి పంపవలసి వచ్చినందున కలిగిన సిగ్గే ఆయనను బడికి బంపినదని నాకు దోచును. ఆయన చదువుచున్న కాలముననే, 1846 అక్టోబరులో, బోస్టను వైద్యశాలలో ఈథరు పీల్పించి నొప్పి తెలియకుండ శస్త్రము చేయవచ్చునని మొదటిసారి బహిరంగముగా చూపిరి. పాశ్చాత్యవైద్యము మారుచుండిన దినములవి. అయినను నాటి వైద్యునికి తెలిసినది స్వల్పమే. చలిజ్వరమునకు క్వినైను గలదు, మశూచికి టీకాలు గలవు, గాయములు కడిగి కట్టుట గలదు. విషూచి దేనివలన వచ్చునో ఎవ్వరును స్పష్టముగ నెఱుగరు. దాని సూక్ష్మజీవిని కోకు పండితుడు గుర్తించినది 1883-84లలో.

1848లో మరల గుంటూరు చేరి, మరుసటియేట పల్నాటికి బోయి గురజాలలో కాపురము పెట్టిరి. గుంటూరునకు గురజాల అరువది మైళ్లకు మించిన దూరము. పల్నాడన మనకు బ్రహ్మనాయుడు, నాగమ్మ, కార్యమపూడి యుద్ధము, కోడిపందెము జ్ఞప్తికి వచ్చును. వీరగాథ వినుటకు బాగుగనే యుండును గాని, బ్రదుకు వేఱు. నాపరాతి నేల, వేసవిలో కాలిన పెనమువలె నుండును. జొన్నలు, సజ్జలు తప్ప వరిపంట లేదు. వానలు వెనుకబట్టినచో చలిజ్వరము, ముందుబట్టినచో అప్పులు. తెల్లవా రెవ్వరును అచ్చట స్థిరముగ నివసింప సాహసింపరు. అచ్చట ఈ యేబదియారేండ్ల మనుష్యుడు ఔషధముల పెట్టెను పుస్తకముల పెట్టెను దించుకొని కూర్చుండెను.

పల్నాటిలో ఆయన చెప్పినది మొదట చెవిబెట్టినవారు మాలలు. బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును కన్నకొడుకువలె చూచి, అన్నికులములవారిని ఒక పంక్తిని భుజింపజేసెనని పల్నాటి కథ చెప్పుచున్నది. ఆ చాపకూటి కథను ఏటేట వీరుల తిరునాళ్లలో పాడించుకొను గ్రామములే కన్నమదాసు వంశీయులను ఊరిబావికి రానీయకుండెను. ఏడువందల యేండ్లు మనము పాటగా వినినదానిని పరదేశి యొకడు వచ్చి పనిగా చేసెను. ఆయన మాలపల్లెలోనికి నడచి వెళ్లెను. జ్వరము పడినవాని నుదుట చేయివేసెను. వైద్యుడు నాడి చూచుట ఎంతటిపని యని నేటివారు తలపవచ్చును. ముట్టుకొన్నచో స్నానము చేయవలసిన మనిషియొక్క మణికట్టును పట్టుకొని నాడి చూచుట నాడు మతసిద్ధాంత మంతటిని తలక్రిందు చేయు పని. బోధ విని అర్థము చేసికొన్నవారికంటె ఆ చేతి స్పర్శ నెఱిగినవారే యధికులై యుందురు.

ఆయన చుట్టు చిన్నసంఘము లేర్పడెను. చదువు రాని పెద్దవారికి ప్రార్థనలు కంఠస్థము చేయించుట, పిల్లలకు పలకమీద అక్షరములు దిద్దించుట, చదువుకొన్నవానిని మఱియొక పల్లెకు ఉపాధ్యాయునిగా బంపుట, ఇది పద్ధతి. ఈ పద్ధతియే తరువాత ఆంధ్రదేశమంతట పంచమ పాఠశాలలకు దారి చూపినది. ఉపాధ్యాయుడు కులమున వారివాడే యగుటచేత పల్లె నిలబడెను. పైకులపు ఉపాధ్యాయునే పంపదలచినచో వచ్చువాడు లేడు.

వీరందఱును కూటికై మతము మార్చుకొన్నవారే యని మన పెద్దలు హేళన చేయుట నేను చిన్ననాటనుండి వినుచున్నాను. ఈ యాక్షేపణను తేలికగా త్రోసివేయను. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టి, అదే చేతితో జ్ఞానస్నాన మిచ్చుట న్యాయమా యను ప్రశ్న మిషనువారిలోనే బుద్ధిమంతులు వేసికొనిరి. ఒంగోలు బాప్టిస్టు మిషనుకు చెందిన క్లౌ దొరగారు 1876-78 నాటి మహాక్షామమున బకింగుహాము కాలువలో కొంతభాగము త్రవ్వుట కంట్రాక్టు తీసికొని వేలమంది పేదలకు కూలి కల్పించి, కరవు తీరువఱకు ఎవ్వరికిని బాప్తిస్మ మీయక నిలిపివేసిరి. కరవు పని ముగిసిన పిమ్మట 1878 జూలై 3వ తేదీ నొక్కదినముననే గుండ్లకమ్మ యొడ్డున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కూటికొఱకే యైనచో కూడు ఆగిన పిమ్మట వారేల వచ్చిరి? వారు వెదకినది మనుష్యులుగా ఎంచబడుట. హయ్యరుగారి పల్నాటి మాలలు కోరినదియు నదియే. హేళన చేసినవారిలో ఆ కూడైనను పెట్టినవా రెందఱో లెక్కించి చూచుకొనవలయును.

అయితే ఆ కోరిక పూర్తిగా తీరెనా? తీరలేదు. క్రైస్తవసంఘములలోను కులము పోలేదు. మాలలు ఎక్కువగా నున్న గుడి మాలల గుడిగా, మాదిగలు ఎక్కువగా నున్న గుడి మాదిగల గుడిగా పెక్కుచోట్ల మిగిలెను. పెండ్లిండ్లు కులము దాటుట అరుదయ్యెను. ఊరిలో పేరు మారినను పిలుపు మారలేదు. మఱియొక లోపము: ఈ దేశపు ప్రాచీనమతములలో సారమేమియు లేదని నాటి బోధకులలో పలువురు తలచిరి. వేమన యెఱుగని పల్లె తెలుగునాట లేదు. కులమును విగ్రహమును అతడు దుయ్యబట్టినంతగా ఏ పాదిరియు దుయ్యబట్టలేదు. ఆ నాటుమొక్కకు నీరు పోయుటకు బదులు పరదేశపు విత్తు చల్లుటయే వారికి పనియయ్యెను. అది వారి తప్పు. ఆ మొక్కకు మనమును నీరు పోయలేదు. అది మన తప్పు.

1851లో గన్నుగారు గుంటూరున క్షయరోగముతో మరణించిరి. ఆ కాలముననే, 1845లో ఉత్తరజర్మనీ మిషనువారు రాజమహేంద్రవరమున స్థాపించిన శాఖ ధనములేక అమెరికా లూథరువారి చేతికి వచ్చెను. ఈవిధముగా గుంటూరు, పల్నాడు, గోదావరి ఒక్క సంఘము క్రింద జేరెను. 1857లో హయ్యరుగారు రెండవసారి స్వదేశమునకు వెళ్లిరి. అరువదినాలుగేండ్ల వయస్సున మినసోటా అను ఉత్తరప్రాంతమునకు బోయి, మంచులో వలసకాపులకు గుళ్లు కట్టించుచు, 1860లో అక్కడి లూథరు మహాసంఘమునకు ప్రథమాధ్యక్షులైరి. ఈ భాగమును త్వరగా దాటుచున్నాను. మనకు కావలసిన కథ ముందున్నది.

1861 మొదలు 1865 వఱకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగెను. నీగ్రో బానిసలకు విముక్తి కలిగించిన యుద్ధమే తెలుగుదేశపు మాలపల్లెల బడులకు ద్రవ్యము రాకుండ జేసెను. యుద్ధము ముగిసినను కష్టము తీరలేదు. 1867లో లూథరు సంఘమే రెండుగా చీలెను. ఆంధ్రదేశమున నున్న బోధకులు కొందఱు చనిపోయిరి, కొందఱు వెడలిపోయిరి. గుంటూరున ఉనాంగెస్టుగా రొక్కరే మిగిలిరి. ఒక్కడు కృష్ణకు గోదావరికి నడుమ నున్న సంఘముల నెట్లు కనిపెట్టగలడు? కావున రాజమహేంద్రవరమును సామర్లకోటను ఆంగ్లసంఘపు మిషనువారికి ఒప్పగించివేయుటకు ఏర్పాట్లు జరిగెను. ఆ సంఘమువారు యోగ్యులే, ధనవంతులే. ఒప్పగించుట తెలివిగల పని యని పలువురు తలచిరి.

హయ్యరుగా రప్పుడు జర్మనీలో తమ జన్మస్థలమున నుండిరి. పూర్వము రాజమహేంద్రవరమున పనిచేసి జర్మనీకి మరలివచ్చిన గ్రోనింగుగారి వలన ఈ వార్త తెలిసెను. తాము దుబాసీతో మొదలిడి, జ్వరములతో నడిపిన పని తమ బ్రదుకునాళ్లలోనే సరకువలె చేతులు మారుటకు ఆయన ఓర్వలేకపోయిరి. వెంటనే అట్లాంటికు సముద్రము దాటి, 1869 మే నెలలో పెన్సిల్వేనియాలోని రెడింగు పట్టణమున జరుగుచున్న బోధకసంఘపు సభకు వచ్చిరి. ఆ సభలో లేచి, రాజమహేంద్రవరమును విడువవలదని వేడి, యువకు లెవరును సిద్ధముగా లేనిచో వారు దొరకువఱకు తామే పోయి కాచుకొని యుందుమని చెప్పిరి. ఎప్పటికి సిద్ధపడగలరని యడుగగా ఇప్పుడే సిద్ధమని బదులిచ్చిరి. అంతవఱకు సందేహించుచుండిన సభవారికి మాటాడ నోరు రాలేదు. ఒప్పగింపు ఆగిపోయెను.

1869 డిసెంబరులో ఆయన రాజమహేంద్రవరము చేరునప్పటికి గోదావరి సీమ మారియుండెను. 1847లో మొదలిడి 1852లో ముగించిన కాటనుదొరగారి ఆనకట్టవలన కాలువలు పాఱుచుండెను. పూర్వము తుఫానుకును కరవునకును వంతులవారీగా బలియైన డెల్టా వరిచేలతో నిండెను. అయితే కాలువనీరు పాఱిన చేలు మాలపల్లెవారివి కావు. వారు కోతకు మాత్రమే చేలలోనికి పోవుదురు. సంఘపు స్థితి మఱింత హీనము. బడులు మూతబడియుండెను, ఉపాధ్యాయులకు జీతములు లేవు. వృద్ధుడు చెదరినవారిని ఊరూర వెదకి కూడదీసెను, బడులు తిరిగి తెఱపించెను. ఇరువదియొక్క యేండ్ల కందుకూరి వీరేశలింగముగారు అదే పట్టణమున అప్పుడు మెట్రిక్యులేషను పరీక్షకు చదువుచుండిరి.

1870లో ఆయనకు సాయముగా బెకరు అను యువకుని బంపిరి. ఆయువకుడు రాజమహేంద్రవరము చేరిన కొలదికాలములోనే మరణించెను. తన స్థానమున నిలుచునని తెప్పించుకొన్న పిన్నవాడు కన్నులయెదుట చనిపోవ, తాను ముసలితనమున మిగిలియుండుట ఎట్టి వేదనయో ఊహించుకొనవచ్చును. ఆయన పెట్టె సర్దుకొని పోలేదు. అదే సంవత్సరమున ష్మిట్టు అను మఱియొక యువకుడు వచ్చువఱకు కాచుకొనియుండి, అతనికి పనియంతయు చూపి, ఒప్పగించి, 1871 ఆరంభమున మూడవసారి తెలుగుదేశము విడిచిరి. ష్మిట్టుగారు అచ్చటనే చిరకాలము పనిచేసిరి.

చీలిపోయిన అమెరికా సంఘములలో నొకటి గుంటూరును, మఱియొకటి రాజమహేంద్రవరమును పోషించెను. గుంటూరున 1885లో కళాశాల మొదలయ్యెను. కుగ్లరు దొరసానిగారు 1883లో వచ్చి స్త్రీలకు వైద్యము మొదలుపెట్టిరి. 1927లో రెండు శాఖలును ఆంధ్ర సువార్త లూథరు సంఘమను పేర నొక్కటయ్యెను. 1869లో ఆ యొప్పగింపు జరిగియున్నచో ఈ కలయిక యుండెడిది కాదు.

హయ్యరుగారు తమ చివరిదినములను ఫిలడెల్ఫియాలోని లూథరు వేదాంతవిద్యాలయమున, బోధకులు కాబోవు పిన్నవాండ్రకు పెద్దదిక్కుగా గడపిరి. 1873వ సంవత్సరము నవంబరు 7వ తేదీని, ఎనుబదియేండ్ల వయస్సున, అచ్చటనే పరమపదించిరి. ఆయన దేహమును పెన్సిల్వేనియా కొండప్రాంతములో, యౌవనమున గుఱ్ఱముమీద తిరిగిన సామర్సెట్టు సీమయందలి ఫ్రీడెన్సు గ్రామమునకు గొనిపోయి సమాధిచేసిరి.